పిట్టల కోసం కొన్నాను, పూలకే ఎక్కువ పనికొచ్చింది

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉంటాం. ఏటా ఆగస్టు చివరో సెప్టెంబరు మొదట్లోనో కారేసుకుని ఉత్తరాన మింజెన్యూ, ముల్లెవా వైపు పూలు చూడ్డానికి వెళ్తాం. 2021లో కొన్న ఈ 8×42 (ఎనిమిదింతలు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) బైనాక్యులర్ నాలుగు సీజన్లుగా నా మెడలోనే ఉంది. అప్పట్లో 380 డాలర్లు. కంపెనీ పేరు అడక్కండి, చివర్లో కాస్త తిట్టాల్సి ఉంది.

అంతకుముందు స్నేహితుడి 10×42 తీసుకుని చూశాను. పదింతలు దగ్గరగా కనిపిస్తే ఇంకా మంచిదే కదా అనిపిస్తుంది. తీరా గుట్టెక్కి ఆయాసపడుతూ కళ్లకు పెట్టుకుంటే గుండె కొట్టుకున్నప్పుడల్లా బొమ్మ అదురుతుంది. ఎనిమిదిలో ఆ అదురు తక్కువ, ఒకేసారి కనిపించే వెడల్పు ఎక్కువ. స్ప్లెండిడ్ ఫెయిరీరెన్ లాంటి పిట్టకు అదే కావాలి. మన పిచ్చుక కన్నా చిన్నది, తోక నిక్కబొడుచుకుని పొద కింద క్షణం నిలవదు. 10×తో వెతికేలోపు ఎగిరిపోయేది. మగదాని నీలం ఎలాంటిదంటే, మా అమ్మాయి మొదటిసారి చూసి "ఎవరో రంగేశారు" అంది.

లెసూర్ నేషనల్ పార్కులో కార్నబీ నల్ల కాకటూల (చిలకల జాతివి) గుంపు దొరికింది. అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షి. తోకలో తెల్లపట్టీ కళ్లతోనే కనిపిస్తుంది. మగదేదో ఆడదేదో తెలియాలంటే మాత్రం కంటి చుట్టూ ఉన్న వలయం చూడాలి: మగదానికి గులాబీ, ఆడదానికి బూడిద. బ్యాంక్సియా కాయలు కొరుకుతున్న ఆ గుంపును చూస్తూ అరగంట నిలబడ్డాం. వలయాలు స్పష్టంగా తెలిశాయి. ఈ ధరకు అద్దం బాగుందనే చెప్పాలి.

నేను అనుకోని లాభం వేరే ఉంది. దీని ఫోకస్ రెండు మీటర్ల దగ్గరికి దిగుతుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్న పువ్వు పావు మీటరు దూరంలో ఉన్నట్టు కనిపిస్తుందన్నమాట. కోల్‌సీమ్ పార్కులో ఎవర్‌లాస్టింగ్ పూలు తివాచీ పరిచినట్టు పూస్తాయి. ఫోటో కోసం మధ్యలోకి నడిస్తే తొక్కినంత మేరా పోయినట్టే. మేం దారి మీదే నిలబడి కాగితం లాంటి ఆ రేకుల మీద పాకే చీమలను చూశాం.

2023లో అమ్మ వచ్చింది. సిద్దిపేట మనిషి, మోకాళ్ల నొప్పులు, వంగలేదు. ముల్లెవా దగ్గర రోడ్డు పక్కన గులాబీ రంగు ముల్లా ముల్లా పూలు కనబడితే బైనాక్యులర్ ఆమె చేతికిచ్చాను. కాసేపు చూసి, "ఇది మన గునుగు లెక్కనే ఉందిరా" అంది. నిజమే, రెండూ తోటకూర కుటుంబానివే. బతుకమ్మకు నాలుగు కోసి ఎండబెట్టుకుందామని మొదలుపెట్టింది. ఇక్కడ లైసెన్సు లేకుండా అడవి పూలు కోయడం నేరమని నచ్చజెప్పేసరికి తాతలు దిగొచ్చారు. ఆ మధ్యాహ్నమంతా బైనాక్యులర్ నాకు దక్కలేదు. చారల పిల్లలను వెంటేసుకుని రోడ్డు దాటిన ఈమూను కూడా మొదట ఆమే పట్టుకుంది. అది తండ్రి, గుడ్లు పొదిగేదీ పిల్లలను సాకేదీ ఆయనేనంటే, "మంచి మొగుడే" అంది.

ఇక లోపాలు. పిండార్ దగ్గర మట్టిరోడ్డు ఎర్ర దుమ్ము ఫోకస్ చక్రంలోకి దూరి, రెండో ఏడాది నుంచి తిప్పితే కరకరమంటుంది. నీళ్లు చొరబడని రకం కాబట్టి కుళాయి కింద కడుగుతాను, కొన్నాళ్లు నయం. మూడో ఏడు కుడి కంటికప్పు (కంటికి ఆనించుకునే, పైకీ కిందకీ తిరిగే అంచు) వదులైంది. కళ్లద్దాల వాణ్ని కాబట్టి కప్పులు దించుకునే వాడతాను, నాకు ఫరవాలేదు. మా ఆవిడకు మాత్రం పైకి తిప్పినప్పుడల్లా జారిపోతోంది. వారంటీ ఉందని పంపితే ఆరు వారాలు ఉంచుకుని, "అరుగుదల" అని రాసి, అలాగే తిప్పి పంపారు. ఇచ్చిన మెడపట్టీ ఒక్క రోజుకే మెడ కోసింది. భుజాలకు తగిలించుకునేది విడిగా కొన్నాక హాయి.

ఈగలు బైనాక్యులర్ తప్పు కాదనుకోండి. కానీ మొహానికి వల కట్టుకుంటే కంటికీ అద్దానికీ మధ్య వల, తీస్తే ముక్కులో ఈగ.

కొనేవాళ్లకు ఒక్క మాట. షాపులో కిటికీలోంచి దూరంగా ఉన్న బోర్డు చూడమంటారు, అది ఏ బైనాక్యులర్‌లోనైనా బాగానే కనిపిస్తుంది. నిలబడి మీ షూ లేసుల వైపు తిప్పి చూడండి. నా దాంట్లో అవి మసకే. పాదాల దగ్గరి పువ్వు కోసం ఓ అడుగు వెనక్కి వేయాల్సిందే. ఈసారి కొంటే లేసుల ముడి కనిపించేదే కొంటాను.