జెజు దీవిలో మూడు మునకలు

దక్షిణ కొరియాలోని జెజు దీవిలో, సొగ్విపో రేవులో, ఒక స్కూబా డైవింగ్ షాపు యజమాని మా దగ్గర మనిషికి 2,20,000 కొరియా వాన్లు తీసుకుని, మోకాలి దగ్గర చిరిగిన డైవింగ్ సూటు చేతికిచ్చాడు. వెయ్యి వాన్లకు మాకు 62 రూపాయలు పడింది, అంటే 13,640 రూపాయలు. తిరుపతికి తిరిగొచ్చి మూడు వారాలైనా ఆ కోపం దిగలేదు. జెజు వెళ్లాలనుకునే మనవాళ్లకు ముందు అదే చెప్పాలి.

మా మేనల్లుడు సువాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాణ్ని చూడ్డానికి అక్కా నేనూ ఈ వేసవి సెలవుల్లో కొరియా వెళ్లాం. బావ రాలేదు. తోతాపురి కోతకొచ్చే ముందు తోట వదిలి రానన్నాడు. నాకు ఈత నేర్పింది ఆ బావే. మా మేనత్త కొడుకు. పాకాల దగ్గర మా ఊరి కపిల బావిలో, నడుముకి సొరబుర్ర కట్టి, గట్టు మీంచి తోసేశాడు. అప్పుడు నాకు ఏడేళ్లు. నీళ్లంటే ఉన్న ఆ పిచ్చి తగ్గక, రెండేళ్ల కిందట పాండిచ్చేరి వెళ్లి 28,000 కట్టి స్కూబా కోర్సు చేసొచ్చాను. 18 మీటర్ల లోతు దాకా దిగొచ్చని కార్డిచ్చారు. మేనల్లుడు కొరియాలోనే నేర్చుకున్నాడు. సియోల్ చూడ్డం, గింపో విమానాశ్రయం నుంచి జెజుకి గంటంపావు విమానం, అన్నీ సాఫీగా జరిగిపోయాయి.

జెజు దీవి మొత్తం అగ్నిపర్వతం కక్కిన రాయే. నడుమ 1,947 మీటర్ల హల్లాసాన్ కొండ, చుట్టూ నల్లరాతి గోడలు, గోడల లోపల నారింజ తోటలు. డైవింగ్‌కి పేరున్నది దక్షిణాన ఉన్న సొగ్విపో. రేవుకి ఎదురుగా సముద్రంలో మూడు చిన్న దీవులు కనిపిస్తాయి: సొప్‌సొమ్, మున్‌సొమ్, బొమ్‌సొమ్. పడవ పది పదిహేను నిమిషాల్లో తీసుకెళ్లి రాతి గట్టు మీద దించేస్తుంది. అక్కడే సామాను తగిలించుకుని, గట్టు మీంచి సముద్రంలోకి ఒక పెద్ద అడుగు వేయడమే.

ఆ షాపు వాడు మేనల్లుడికి ఫోన్లో చెప్పిన రేటు రెండు సిలిండర్లకి, అంటే రెండు మునకలకి, పడవతో కలిపి 1,30,000. పొద్దున్నే వెళ్లేసరికి లెక్క మారింది. సూటూ సామానూ అద్దె 50,000, టార్చికి 10,000, ఇంగ్లీషు వచ్చిన గైడుకి 30,000. మేనల్లుడికి కొరియన్ వచ్చు, మాకు ఆ గైడు అక్కర్లేదన్నా వినలేదు. "విదేశీయులు వస్తే గైడు తప్పనిసరి" అన్నాడు. బయానా అప్పటికే వాడి ఖాతాలో పడింది. సరే అనుకుని కట్టాం. సూటు చూస్తే కుడి మోకాలి దగ్గర బెత్తెడు చిరుగు, మెడ వదులు. ఇంకోటి ఇమ్మంటే నా కొలతకి అదొక్కటే ఉందన్నాడు.

మే నెలలో తిరుపతి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అక్కడ సముద్రం నీళ్లు 17 డిగ్రీలు. సొప్‌సొమ్ దగ్గర దిగిన రెండో నిమిషానికే చిరుగులోంచి నీళ్లు దూరి తొడ దాకా పాకాయి. కాలు కదిపినప్పుడల్లా కొత్త నీళ్లు. అయిదారు మీటర్ల అవతల ఏమీ కనపడటం లేదు, నీళ్లంతా నలకలు. పది మీటర్లు దిగాక రాతి గోడ తగిలింది. దాని మీద గుబురుగుబురుగా పగడాలు వేలాడుతున్నాయి, అన్నీ బూడిద రంగులో. టార్చి వేస్తే అయిదు నిమిషాలు వెలిగి ఆరిపోయింది. ఇంత దూరం వచ్చింది ఈ బూడిద చూడ్డానికా అనిపించింది. ఇరవై నిమిషాలకే పళ్లు కొట్టుకుంటుంటే పైకి వచ్చేశాను.

రెండోసారి దిగనన్నాను. రెండో సిలిండరు డబ్బులు తిరిగిమ్మంటే, దిగకపోవడం మీ ఇష్టం, డబ్బులిచ్చేది లేదన్నాడు. మేనల్లుడు ఫోన్లో ఫోటో తీసి చిరుగు చూపించాడు. ఆ పెద్దమనిషి నూడుల్స్ గిన్నె ముందేసుకుని, మా మొహం చూడకుండా తింటూ కూర్చున్నాడు. రేవులో మా కోసం చూస్తున్న అక్క, నా పెదాలు నీలంగా ఉండటం చూసి వాడి మీదకి తెలుగులోనే వెళ్లింది. "బిడ్డ చలికి సచ్చిపోతా ఉండాడు, నువ్వు గుటకలేస్తా ఉండావా?" భాష తెలియకపోయినా వాడు గిన్నె కింద పెట్టాడు. డబ్బు మాత్రం ఇవ్వలేదు.

ఇంతకంటే పెద్ద తప్పు వాడు ఇంకోటి చేశాడు, అది మర్నాడు గానీ నాకు తెలియలేదు. మనసు బాగా లేదని ఆ సాయంత్రం అద్దె కారులో 1100 రోడ్డు ఎక్కాం. హల్లాసాన్ పక్కగా 1,100 మీటర్ల ఎత్తు దాకా వెళ్లే దారి, అందుకే ఆ పేరు. డైవ్ చేశాక ఒంట్లో నైట్రోజన్ మిగిలి ఉంటుంది, వెంటనే ఎత్తుకి వెళితే అది బుడగలై కీళ్లకీ నరాలకీ ప్రమాదం. రెండు మునకలేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదని కోర్సులో చదివాను. కొండ రోడ్డుకీ అదే వర్తిస్తుందని తోచలేదు. మన తిరుమల సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్లు. దానికంటే ఎత్తు ఎక్కేశాం. మేం అటే వెళ్తున్నామని విని కూడా వాడు ఒక్క మాట అనలేదు. నాకేమీ కాలేదు, అది అదృష్టం. సొగ్విపోలో మునిగిన రోజు సముద్రం ఒడ్డునే ఉండండి, కొండ మర్నాడో ఆ మర్నాడో చూడొచ్చు.

రాత్రి బస మాత్రం హాయిగా గుర్తుంది. పెద్ద హోటళ్లు వదిలి మిన్‌బాక్‌లో, అంటే ఊళ్లో వాళ్లు గది అద్దెకిచ్చే ఇంట్లో దిగాం. ముగ్గురికి రోజుకి 80,000 వాన్లు, 4,960 రూపాయలు. మంచాలు లేవు. నేల కింద నుంచి వేడి చేసే ఏర్పాటు ఉంటుంది, దాన్ని వాళ్లు ఒందొల్ అంటారు. పరుపు పరుచుకుని పడుకుంటే నడుముకి కాపడం పెట్టినట్టే. తడిసిన బట్టలు ఆ నేల మీద ఆరేస్తే తెల్లారేసరికి కరకరలాడాయి. ఇంటావిడ వంటగది వాడుకోమంది. అక్క తెచ్చిన పప్పుల పొడి, నెయ్యి, వాళ్ల జిగురన్నం. వేళ్లతో కలిపి ముద్దలు పెడుతుంటే ఇంటావిడ వచ్చి ఒక ముద్ద తిని, పొడి డబ్బా మూత తీసి వాసన చూసి, బుట్టెడు నారింజలు పెట్టి వెళ్లింది. కుటుంబంతో వెళ్లేవాళ్లు మంచాలున్న హోటల్ కోసం రెట్టింపు డబ్బులు పోయొద్దు.

మర్నాడు ఇంటావిడే ఇంకో షాపుకి ఫోన్ చేసింది. అక్కడి యజమాని ముందు కాగితం తీసి అన్నీ రాశాడు: రెండు మునకలు, పడవ, సూటు, తల తొడుగు, టార్చి, అన్నీ కలిపి 1,60,000. మన డబ్బు 9,920. ఒక్క వాన్ కూడా పెరగలేదు. నిన్నటి చిరిగిన సూటు ఫోటో చూసి తల దించుకున్నాడు, తానే తప్పు చేసినట్టు. రాత్రి ఎక్కడికెళ్లారని అడిగి, కొండ రోడ్డు సంగతి చెప్పింది ఆయనే. గట్టు మీద దిగేముందు ఒక పెద్ద ఫ్లాస్కు తీసి, నా సూటు మెడ లాగి, గోరువెచ్చటి నీళ్లు లోపలికి పోశాడు. వీపు మీంచి కాళ్ల దాకా ఆ వెచ్చదనం జారింది. సముద్రం నీళ్లు నిన్నటివే, 17 డిగ్రీలే. నలభై నిమిషాలు ఉన్నాను.

మున్‌సొమ్ పక్కనే ఒక చిన్న రాతి దిబ్బ ఉంది. పిల్ల దీవి అంటారు. అక్కడ దిగాం. మొదట నడుమెత్తు గోధుమరంగు నాచు, చెరుకు తోట గాలికి ఊగినట్టు ఒకే వైపు వంగి లేస్తోంది. అది దాటితే నిటారు గోడ. మళ్లీ అదే బూడిద రంగు. టార్చి నొక్కాను.

కనకాంబరాలు. గోడంతా. మా అక్క పెళ్లి రోజు జడకి కుట్టిన రంగు, అచ్చం అదే నారింజ. టార్చి పక్కకి తిప్పితే అక్కడ గులాబీ, ఇంకా కిందకి ఎరుపు. కాంతి పోగానే అంతా బూడిద. లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లు ముందుగా ఎరుపునే మింగేస్తాయి, అందుకే నిన్న నాకు కనపడలేదు. పదివేలు తీసుకుని ఆరిపోయే టార్చి ఇచ్చినవాడు నా దగ్గర్నుంచి దాచింది ఇదన్నమాట. ఇవి మెత్తటి పగడాలు, రాయిలా గట్టిపడవు. ప్రవాహం వచ్చినప్పుడు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, లేనప్పుడు వాడిన పూవులా వేలాడతాయి. 33 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఇవి ఇంతగా పెరగడానికి దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహమే కారణం. కొరియా ప్రభుత్వం 2004లో వీటిని సహజ స్మారక సంపదగా ప్రకటించింది. దగ్గరికెళ్లినా చేయి పెట్టకండి, కాళ్లకి తొడుక్కున్న ఫిన్నులు తగలనివ్వకండి. మా వాడి ఫిన్ను ఒకసారి దగ్గరికెళితే గైడు వాడి చీలమండ పట్టుకుని వెనక్కి లాగాడు. గోడ మీద వేల సంఖ్యలో చిన్న నల్ల చేపలు, వాళ్లు జారిదోమ్ అంటారు. మధ్యాహ్నం హోటల్లో అవే చేపలు పచ్చివే చల్లటి పులుసులో వేసి పెట్టారు. నాకు నచ్చలేదు. దాని బదులు ముల్లంగి ముక్కలేసి ఎర్రగా ఉడికించిన గల్చి చేప తినండి, ముగ్గురికి 70,000 అయింది. కారం చూసి అక్క కూడా మెచ్చుకుంది.

బొమ్‌సొమ్ అంటే పులి దీవి. దాని రాతిలో పక్కపక్కనే రెండు గుహలున్నాయి, పులి ముక్కు రంధ్రాలంటారు. మునక బాగానే ఉంది కానీ మున్‌సొమ్ చూశాక అది తక్కువే. రోజులు తక్కువుంటే మున్‌సొమ్‌లోనే రెండుసార్లు దిగండి. మేలో కాకుండా సెప్టెంబరు, అక్టోబరులో వెళ్లండి, నీళ్లు వెచ్చగా తేటగా ఉంటాయి. షాపులో డబ్బు కట్టేముందు సూటు తొడుక్కుని చూడండి, టార్చి పది నిమిషాలు వెలిగించి పెట్టండి.

సాయంత్రం బొప్వాన్ అనే ఊరి ఒడ్డున కూర్చున్నాం. ఎదురుగా పులి దీవి. నీళ్లలోంచి సన్నటి ఈల వినిపించింది, మళ్లీ ఇంకో వైపు నుంచి. హెన్యోలు. సిలిండరు లేకుండా ఊపిరి బిగబట్టి పది మీటర్ల దాకా దిగి నత్తలూ గుల్లలూ ఏరే ఆడవాళ్లు. పైకొచ్చి ఊపిరి వదిలే చప్పుడే ఆ ఈల, సుంబిసొరి అంటారు. చాలామంది 60 దాటినవాళ్లే. వాళ్ల సంప్రదాయాన్ని యునెస్కో 2016లో వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకామె ఒడ్డుకొచ్చి, నారింజ రంగు తేలుడు బంతినీ దానికి కట్టిన వలనీ రాళ్ల మీదకి లాగుతోంది. అక్క లేచి వెళ్లి ఒక కొస పట్టుకుంది. ఆమె ఏదో అంది, అక్క ఏదో అంది. ఇద్దరూ కలిసి లాగారు. ఆమె చేతులు నానిపోయి తెల్లగా, వేళ్ల చివర ముడతలు. అక్క ఆ చెయ్యి వదల్లేదు. "అరవై నిండినా నీళ్లల్లోనేనా తల్లీ" అంటూనే ఉంది.

దీవి వదిలి వెళ్లే రోజు హాదో అనే ఊళ్లో హెన్యో మ్యూజియం చూశాం. పాత సామాన్లలో ఆ తేలుడు బంతికి ముందు వాళ్లు వాడింది పెట్టారు. ఎండిన సొరబుర్ర, దాని చుట్టూ అల్లిన తాడు. అక్క అద్దానికి ముక్కు ఆనించి చూసింది. "ఒరే చిన్నోడా, ఇది మన బావిలోదే కదరా!"

ఫోటో తీసి బావకి పంపింది. మేం విమానాశ్రయంలో ఉండగా జవాబుగా ఆయనా ఒక ఫోటో పంపాడు. మా మేనత్త ఇంటి అటక మీంచి దించిన బుర్ర, దుమ్ము తుడిచిన వేళ్ల గుర్తులు దాని మీద, మెడకి అప్పటి తాడు ఇంకా కట్టే ఉంది.