దామరచర్ల దారిలో అక్క మెస్సు, ఎనిమిది అర్రలు: మూడున్నరేళ్లు ఉన్నవాడిగా నా రివ్యూ

నల్గొండ జిల్లాలోని యాదాద్రి థర్మల్ కరెంటు ప్లాంటుకు కొత్తగా పనికి వచ్చేవాళ్లు ఎక్కడ ఉండాలి, ఎక్కడ తినాలి అని నన్ను అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకసారి వివరంగా రాసేస్తున్నాను. దామరచర్ల నుంచి వీర్లపాలెం వెళ్లే దారిలో, ఎడమచేతి వైపు వేపచెట్టు కింద ఒక మెస్సు ఉంటుంది. బోర్డు లేదు. వెనక రేకుల కప్పుతో ఎనిమిది అర్రలు. అందరూ అక్క మెస్సు అంటారు. 2021 ఆగస్టు నుంచి 2025 ఫిబ్రవరి దాకా నేను అక్కడే ఉన్నాను. ఒక సబ్ కాంట్రాక్టరు దగ్గర స్టోర్ కీపర్‌గా చేశాను. లెక్క రాయడం అలవాటు కాబట్టి కిరాయి, తిండి ఖర్చు కూడా నోట్‌బుక్కులో రాసిపెట్టుకున్నాను. ఇక్కడి అంకెలు అందులోవే.

ముందు నీళ్ల సంగతి. మాది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మా నాయన మోకాళ్లు నలభై ఏళ్లకే వంగిపోయాయి. కింద కూర్చుంటే లేపడానికి ఒక మనిషి కావాలి. అందుకే ఏ ఊళ్లో అర్ర చూసినా, తాగే నీళ్లు ఎక్కడివి అన్నదే నా మొదటి ప్రశ్న. అక్క నేను అడగకముందే చూపించింది. గోడ వారగా 20 లీటర్ల క్యాన్లు వరసగా పెట్టి ఉన్నాయి. తాగడానికీ వంటకూ అవే, బోరు నీళ్లు స్నానానికీ గిన్నెలకూ. "ఈ బోరు నీళ్లల్ల పప్పే ఉడకది బిడ్డా, మరి కడుపుల పోస్తే ఏం జేస్తయో" అంది. అప్పుడే జేబులోంచి అడ్వాన్స్ తీసి ఇచ్చాను.

అంతకుముందు నేను దిగిన ఇంటి గురించి కూడా చెప్పాలి. దామరచర్ల ఊళ్లోనే, పశువుల కొట్టానికి గోడలు లేపి అర్ర చేశారు. ముగ్గురికి నెలకు 7,500. కరెంటుకు వేరే మీటరు పెట్టి యూనిటుకు 12 రూపాయలు తీసుకునేవాళ్లు. రెండో నెల నిండకముందే, కొత్త బ్యాచ్ ఎక్కువిస్తామంటున్నారు, మీరేమంటారని అడిగారు. అదే గల్లీలో ఒక టైలరన్న కుటుంబం చాలా ఏళ్లుగా 1,200 కిరాయికి ఉండేది. వాళ్లను ఖాళీ చేయించి ఆ రెండు అర్రల్లో ఏడుగురు వెల్డర్లను పెట్టారు. కుట్టుమిషన్ ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. దాని కాళ్లకు అంటుకున్న దారం పోగులు ఇంకా అట్లానే ఉన్నాయి. ఆ అన్న నన్నేమీ అనలేదు. కానీ ఆ ఇంటి కిరాయి పెరగడంలో మా జీతాలకూ భాగం ఉందన్న సంగతి ఆ రోజే నాకు గట్టిగా తగిలింది.

ఇట్లా ఎందుకయిందంటే, అక్కడ ఉన్న ఇళ్లే తక్కువ. ప్లాంటుకు 2015 జూన్ 8న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వీర్లపాలెంలో శంకుస్థాపన చేశారు. ఒక్కోటి 800 మెగావాట్ల చొప్పున ఐదు యూనిట్లు, మొత్తం 4,000 మెగావాట్లు. తీసుకున్న భూమిలో ఎక్కువ భాగం అడవే. పనులు 2017లో మొదలయ్యాయి. అంతకుముందు ఆ వైపు బతుకంటే సాగర్ ఎడమకాలువ కింద వరి, వాడపల్లి, విష్ణుపురం దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు, మిర్యాలగూడ రైసు మిల్లులు. అట్లాంటి మండలంలోకి బీహార్, జార్ఖండ్, ఒడిశా, బెంగాల్ నుంచి వేలమంది దిగారు. కిరాణా కొట్టులో ఆవనూనె, సత్తుపిండి పెట్టారు. ట్రాక్టరున్నవాడికి, నీళ్ల ట్యాంకరున్నవాడికి రోజూ పని దొరికింది. నాట్లు వేసే ఆడవాళ్లు కొందరు సైటులో ఊడ్చే పనికి పోయారు. ఎండలో వంగి వేసే నాటుకన్నా అక్కడ నెల జీతం ఖాయం, వాళ్లను తప్పుపట్టలేం. ఇటు రైతు మాత్రం మనుషుల కోసం తిరిగాడు. ఊరికి పైసలు వచ్చిన మాట నిజం. కానీ సొంత ఇల్లు ఉన్నవాళ్లకూ కిరాయికి ఉండేవాళ్లకూ అవి ఒకేలా రాలేదు.

అక్క వాళ్ల రెండెకరాలు ప్లాంటు కింద పోయాయి. వచ్చిన పైసలకు మహిళా సంఘం లోను కలిపి 2019లో ఈ అర్రలు వేసింది. ఏడాది తిరగకముందే లాక్‌డౌన్ వచ్చి అన్నీ ఖాళీ అయ్యాయి. నేను చేరేనాటికి మళ్లీ నిండాయి. ఇద్దరుండే అర్రకు నెలకు 3,000. మూడున్నరేళ్లలో ఒక్కసారే పెంచింది, 3,500కు. ఆ రోజుల్లో పక్కన అంతే ఉన్న అర్రకు 7,000 పలికింది.

ఇక తిండి. పొద్దున టిఫిను, రెండు పూటలా భోజనం కలిపి 2021లో నెలకు 3,200, నేను వచ్చేసేనాటికి 3,800. అన్నం బయట కట్టెల పొయ్యి మీద, కూరలు లోపల గ్యాసు మీద. అరవై మందికి వండితే 19 కిలోల సిలిండరు నాలుగు రోజులు కూడా రాదు, అందుకే అన్నం బయట. టమాట పప్పు, వంకాయ, గోంగూర, వారానికి రెండుసార్లు కోడిగుడ్డు పులుసు, ఆదివారం చికెన్. నేను ఎదురుచూసేది మాత్రం పచ్చిపులుసు కోసం. చింతపండు చేత్తో పిసికి, ఎండుమిరపకాయలు నిప్పుల మీద కాల్చి ఉప్పుతో నలిపి, ఉల్లిగడ్డ వేసి పోపు పెట్టేది. ఆ కాల్చిన మిరప వాసన అర్రల దాకా వచ్చేది. మే నెలలో సైటు నుంచి వచ్చి అన్నంలో అది పోసుకుంటే ప్రాణం లేచొచ్చినట్టుండేది.

బీహార్ వాళ్లకు మన అన్నం ఆనలేదు. అక్కకు చపాతీ చేయడం రాదు. ఛప్రా నుంచి వచ్చిన ఒక రిగ్గర్ (క్రేన్‌తో బరువులు ఎత్తించే పని) పిల్లవాడు వారం రోజులు తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి, పక్కన కూర్చుని పిండి తడపడం నేర్పించాడు. ఆమెకు హిందీ రాదు, వాడికి తెలుగు రాదు. పిండి మీద వేలితో నొక్కి, గుంట మెల్లగా పైకి లేస్తే తలూపేవాడు. ఆ తర్వాత మొదటి షిఫ్టు వాళ్ల డబ్బాల్లో ఆరేసి చపాతీలు, ఆలుగడ్డ కూర వెళ్లేవి.

2023లో మా కాంట్రాక్టరు రెండున్నర నెలలు జీతాలు ఇవ్వలేదు. పై నుంచి బిల్లు రాలేదనేవాడు. పదకొండు మందిమి మెస్సు పైసలు కట్టలేకపోయాం. నేను సిగ్గుపడి ఒక పూట తినడం మానేశాను. రెండో రోజు అక్క అర్ర దగ్గరికే వచ్చింది. "పైసలు ప్లాంటు ఇయ్యకపోతే నువ్వేం జేస్తవ్. వచ్చి దిను. పుస్తకంల రాస్కుంటున్న" అంది. నిజంగానే పుస్తకంలో ప్రతి పూటా గీత పెట్టింది. జీతం పడ్డాక లెక్క చూస్తే నేను తినని పూటలకు గీత లేదు. ఒక్క రూపాయి ఎక్కువ లేదు. ఇద్దరు మాత్రం కట్టకుండానే ఊరెళ్లిపోయారు. వాళ్ల పేజీ ఆమె చింపలేదు, నేను చూశాను.

మా పక్క అర్రలో కోనసీమ నుంచి వచ్చిన పైప్ ఫిట్టరు ఒకాయన ఉండేవారు, మామిడికుదురు మండలం. గ్యాసు బావుల మధ్య పెరిగిన మనిషి. పాశర్లపూడిలో 1995 జనవరి 8న బావి బ్లోఅవుట్ అయి, అంటే గ్యాసు అదుపు తప్పి పైకి తన్ని, 65 రోజులు మండినప్పుడు చిన్నపిల్లవాడు. 2014 జూన్ 27న అదే మండలంలోని నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలినప్పుడు అక్కడికి దగ్గర్లోనే ఉన్నారట. మెస్సులో సిలిండరు మార్చిన ప్రతిసారీ తనే సబ్బు నీళ్లు పూసి, బుడగ వస్తుందేమో చూసేదాకా పొయ్యి వెలిగించనిచ్చేవారు కాదు. "మా కాళ్ల కింద గ్యాసుందండి, మా ఇంట్లో మాత్రం సిలిండరు బుక్ చేసుకుని కూర్చోవాలండి" అనేవారు.

అక్కకు అసలు మేలు చేసిన మాట కూడా ఆయనదే. 2022లో పని బాగా నడుస్తున్నప్పుడు ఊళ్లో చాలామంది లోన్లు తెచ్చి రెండంతస్తులు, మూడంతస్తులు లేపారు. అక్క కూడా రేకులు తీసి స్లాబు వేద్దామనుకుంది. ఆయన వద్దన్నారు. "బావి తవ్వేటప్పుడు రిగ్గు దగ్గర వందమంది ఉంటారండి. గ్యాసు పడ్డాక రిగ్గు వేరే ఊరు పోద్ది, బావి కాడ నలుగురు చాలు. మా వైపు అలా ఖాళీ అయిన ఇళ్లు చూశానక్కా. ఇక్కడా కట్టేటప్పుడే జనం, కరెంటు మొదలయ్యాక ఇంతమంది అక్కర్లేదండి." అక్క వారం ఆలోచించి లోను కాగితాలు వెనక్కి తెచ్చుకుంది.

ఆ నిర్ణయం వల్ల మాకు కలిగిన ఇబ్బందీ రాయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆ రేకుల కింద మధ్యాహ్నం పడుకోలేం. నైట్ షిఫ్టు చేసేవాళ్లు పగటి నిద్ర లేక ఒళ్లు పాడు చేసుకుంటారు. ఎండాకాలంలో రేకుల మీద వరిగడ్డి పరిచి నీళ్లు చల్లేవాళ్లం. కాస్త నయమే కానీ సరిపోదు. ఎనిమిది అర్రలకు బాత్రూములు రెండే, పొద్దున అయిదున్నరకు లైను కట్టాలి. ఉతికిన బట్టలు లారీల దుమ్ముకు సాయంత్రానికే మాసిపోతాయి. కుటుంబంతో వచ్చేవాళ్లకు ఇది పనికిరాదు. వాళ్లు మిర్యాలగూడలోనే చూసుకోవాలి, దాదాపు 20 కిలోమీటర్లు. బళ్లు, ఆసుపత్రులు అక్కడే ఉన్నాయి.

2024 డిసెంబరు 7న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వచ్చి రెండో యూనిట్‌ను ప్రారంభించారు. ఆ రాత్రి అక్క అందరికీ సేమియా పాయసం పోసింది. ఆ సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లలో సగం మంది తిరిగి రాలేదు, వాళ్ల పని అయిపోయింది. ఫిబ్రవరిలో నేనూ వచ్చేశాను.

ఈమధ్య పని మీద అటు వెళ్లి అక్కడే తిన్నాను. ఊళ్లో కొత్త బిల్డింగులకు టు-లెట్ బోర్డులు వేలాడుతున్నాయి. నేను మొదట ఉన్న ఆ కొట్టం అర్రకు తాళం. అక్క దగ్గర ఎనిమిదిలో అయిదు నిండాయి, కిరాయి 3,000కు తగ్గించింది. లోను లేదు కాబట్టి తగ్గించగలిగింది. మెస్సులో ముప్పై మంది దాకా ఉన్నారు, ఎక్కువగా ఆపరేషన్, మెయింటెనెన్స్ వైపు వాళ్లు, కొందరు లారీ డ్రైవర్లు. నిండిన అర్రల్లో ఒకటి ఆ టైలరన్నది, మిషన్ గడపలోనే పెట్టుకుని కుడుతున్నాడు. నన్ను గుర్తుపట్టి కుర్చీ జరిపాడు.

ఒంటరిగా వచ్చేవాళ్లకు నా రేటింగ్ అయిదుకు నాలుగున్నర, తగ్గిన సగం ఆ రేకులకే. ముందే ఫోన్ చేయనక్కర్లేదు, సాయంత్రం ఆరు తర్వాత వెళ్తే అక్క ఉంటుంది. స్టీలు పళ్లెం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఆదివారం చికెన్ కావాలంటే శనివారం రాత్రికే చెప్పాలి.