ఐఎస్‌డీఎన్ బ్యాకప్ లైన్ ఊరికే డయల్ అవకుండా ఆపే పద్ధతులు: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

బ్రాంచి ఆఫీసుల్లో సిస్కో రూటర్ల మీద ఐఎస్‌డీఎన్ (ఫోన్ లైన్ మీద డయల్ చేసి డేటా పంపే డిజిటల్ సర్వీసు) బ్యాకప్‌ను చాలా ఏళ్లు నడిపాను. లీజ్డ్ లైన్ (ఎప్పుడూ తెరిచి ఉండే అద్దె లైన్) పడిపోతే బీఆర్ఐ (రూటర్‌లోని ఐఎస్‌డీఎన్ పోర్టు) లేచి పని అందుకోవాలి, అది బాగుపడగానే దిగిపోవాలి. కాల్ ఉన్నంతసేపూ బిల్లు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, లైన్ ఎందుకు లేచిందో తెలియకపోతే నెలాఖరుకు టెన్షన్ తప్పదు.

ఐడిల్ టైమ్‌అవుట్, అంటే లెక్కలోకి వచ్చే ట్రాఫిక్ లేకపోతే కాల్ కట్ చేసే గడువు, డిఫాల్ట్‌గా 120 సెకన్లు. రూటర్లు దారులు చెప్పుకునే రూటింగ్ ప్రోటోకాల్స్‌లో రిప్ 30 సెకన్లకోసారి అప్‌డేట్ పంపుతుంది, ఓఎస్పీఎఫ్ హలో (నేనున్నానని చెప్పే ప్యాకెట్) మామూలుగా 10 సెకన్లకోసారి వెళ్తుంది. డయలర్ లిస్టులో (ఏ ట్రాఫిక్ కాల్ చేయించవచ్చో చెప్పే జాబితా) ఐపీ మొత్తానికీ పర్మిట్ ఇచ్చేస్తే ఇక లైన్ దిగే ప్రసక్తే లేదు. 'షో డయలర్' కొట్టి, డయల్ రీజన్ దగ్గర గమ్యం 224.0.0.5 అని కనిపిస్తే అది ఓఎస్పీఎఫ్ పని. 224.0.0.9 అయితే రిప్ వెర్షన్ 2, 224.0.0.10 అయితే ఈఐజీఆర్‌పీ (సిస్కో రూటింగ్ ప్రోటోకాల్).

అందరూ ముందు చేసేది యాక్సెస్ లిస్టులో (పైనుంచి కిందికి చూసే పర్మిట్, డినై నియమాల జాబితా) రూటింగ్ ప్రోటోకాల్‌ను డినై చేసి, మిగతా ఐపీని పర్మిట్ చేసి, దాన్ని డయలర్ లిస్టుకు తగిలించడం. ఇది తప్పనిసరే. అయితే ఇక్కడ డినై అంటే ప్యాకెట్‌ను పారేయడం కాదు. లైన్ లేచి ఉంటే అది వెళ్తుంది, కాల్ మాత్రం చేయించదు, టైమర్‌ను మళ్లీ మొదలుపెట్టదు. చిక్కు మరోచోట ఉంది. హలోలు కాల్ చేయించలేవు కాబట్టి బ్యాకప్ మీద నైబర్ (ఓఎస్పీఎఫ్ సమాచారం పంచుకునే పక్క రూటర్) ఏర్పడదు. నైబర్ లేకపోతే రూటు లేదు, రూటు లేకపోతే యూజర్ ట్రాఫిక్ కూడా డయలర్ దాకా రాదు. అసలు అవసరమైన రోజున లైన్ లేవదు.

అందుకే నేను నమ్ముకున్నది ఫ్లోటింగ్ స్టాటిక్ రూటు, అంటే అసలు రూటు పోయినప్పుడే పైకి వచ్చే, చేత్తో రాసిన రూటు. బీఆర్ఐని పాసివ్ ఇంటర్‌ఫేస్ చేసి (దాని మీద రూటింగ్ ప్యాకెట్లు పంపకుండా ఆపి), స్టాటిక్ రూటుకు డిస్టెన్స్ (తక్కువ ఉన్న రూటే గెలిచే ప్రాధాన్య సంఖ్య) 200 ఇస్తే, ఓఎస్పీఎఫ్ 110 ఉన్నంతకాలం అది తెర వెనకే ఉంటుంది. హెడ్ ఆఫీసు వైపు కూడా బ్రాంచి ల్యాన్‌కు ఇలాంటి రూటే రాయాలి. అక్కడి డయలర్ మ్యాప్‌లో (ఏ అడ్రస్‌కు ఏ నంబరు డయల్ చేయాలో చెప్పే కమాండ్) ఫోన్ నంబరు ఇవ్వకపోతే కాల్ ఎప్పుడూ బ్రాంచి నుంచే వస్తుంది, రెండు వైపులా ఒకేసారి డయల్ చేసుకునే గొడవ ఉండదు. బ్రాంచిలో ఒకటి రెండు సబ్‌నెట్లే ఉంటే ఇంతకు మించింది అక్కర్లేదు.

సబ్‌నెట్లు ఎక్కువైనచోట ఓఎస్పీఎఫ్ డిమాండ్ సర్క్యూట్ వాడాను. 1995లో ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 1793గా వచ్చిన పద్ధతి ఇది. మొదటిసారి డేటాబేస్ పంచుకున్నాక హలోలూ, 30 నిమిషాల రిఫ్రెష్‌లూ ఆగిపోతాయి. నైబర్ మాత్రం ఉన్నట్టే ఉంటుంది. చాలా చక్కని ఆలోచన, కానీ ఏరియాలో (ఓఎస్పీఎఫ్ నెట్‌వర్క్‌ను విడగొట్టే భాగం) ఎక్కడ చిన్న మార్పు జరిగినా లైన్ లేస్తుంది. అందుకే బ్రాంచిని స్టబ్ ఏరియాలో (బయటి రూట్లు లోపలికి రాని ఏరియా) పెట్టాలి. ఇంకోటి, రిప్‌ను ఓఎస్పీఎఫ్‌లోకి రీడిస్ట్రిబ్యూట్ చేస్తూ (రిప్ రూట్లను ఓఎస్పీఎఫ్‌కు అందిస్తూ), ఆ రిప్ నెట్‌వర్క్‌లోనే ఈ లింక్ కూడా ఉంటే పెద్ద తంటా. కాల్ లేవగానే పీపీపీ (లింక్‌ను నడిపే ప్రోటోకాల్) అవతలి అడ్రస్‌కు ఒక /32 రూటు (ఆ ఒక్క అడ్రస్‌కే రూటు) పెడుతుంది, దిగగానే తీసేస్తుంది. ఆ తీసేయడమే టోపాలజీ మార్పు అయి మళ్లీ కాల్ చేయిస్తుంది. ఇంటర్‌ఫేస్ మీద 'నో పీర్ నైబర్-రూట్' ఇస్తే ఈ చక్రం ఆగుతుంది.

స్నాప్‌షాట్ రూటింగ్ (కొద్దిసేపు అప్‌డేట్లు పంచుకుని, మిగతా సమయం రూట్లను అలాగే నిలిపి ఉంచే పద్ధతి) రిప్, ఐజీఆర్‌పీ (ఈఐజీఆర్‌పీకి ముందుది) ఉన్నచోట బాగానే పనిచేస్తుంది. ఓఎస్పీఎఫ్‌కు పనికిరాదు.

ఇవన్నీ సరిచేశాక కూడా లైన్ లేస్తుంటే 'డీబగ్ డయలర్ ప్యాకెట్స్' పెట్టి చూడండి. ఎక్కువగా యూడీపీ పోర్టు 123 మీద గడియారం సరిచేసే ఎన్‌టీపీయో, 137 మీద కంప్యూటర్ పేర్లు వెతికే విండోస్ నెట్‌బయాసో బయటపడతాయి. వాటినీ అదే యాక్సెస్ లిస్టులో, చివరి పర్మిట్‌కు ముందే డినై చేయండి.