పటాల షాపుకి నాలుగు స్టార్లు, ఒకటి ‘రేపు’ కింద కోత

ముందే చెప్పేస్తున్నా, ఈ షాపుకి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేదట. రోడ్డు పనులప్పుడు తీసి లోపల పెట్టారు, మళ్లీ బయటికి రాలేదు. ఇప్పుడు దానికి హార్డ్‌బోర్డు షీట్లు ఆనించి ఉంటాయి. చిక్కడపల్లి మెట్రో దిగి సిటీ సెంట్రల్ లైబ్రరీ వైపు నడుస్తుంటే తగిలే సందుల్లో ఒకదాంట్లో, గుమ్మం బయట వెంకటేశ్వరస్వామి, సాయిబాబా, దుర్గమ్మ వరసగా నిలబడి ఉంటే అదే. పటాలు కట్టే షాపు. లోపల ఒక పెద్దాయన, ఆయన కొడుకు. పెద్దాయన్ని నేను కాకా అంటాను, వీధంతా అలాగే పిలుస్తుంది. మూడేళ్లలో అక్కడ ముప్పై పైచిలుకు బొమ్మలు కట్టించాను కాబట్టి ఈ రివ్యూ రాసే అర్హత ఉందనే అనుకుంటున్నా.

నా సంగతి రెండు ముక్కల్లో. బొమ్మలే నా బతుకుతెరువు. వారంలో మూడు రోజులు ఒక స్కూల్లో డ్రాయింగ్ చెప్తాను. ఎవరైనా పిలిస్తే వాళ్ల పిల్లల గదిలో గోడ మీద జిరాఫీలు వేస్తాను. తాతగారి పాస్‌పోర్టు ఫొటో ఇస్తే చూసి పెద్ద బొమ్మ చేసిస్తాను. ఇవన్నీ పోగా మిగిలిన టైములో నా సొంత పని రాళ్లు. ఖాజాగూడ, మౌలాలి, దుర్గం చెరువు పక్కన ఇంకా మిగిలిన గుండ్లు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది. ఎవరో తీరిగ్గా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి కానీ ఎవరూ పేర్చలేదు. ఒకే పెద్ద బండ పగుళ్లిచ్చి, అంచులు అరిగి, మధ్యలో మెత్తబడిందంతా వానలకు కొట్టుకుపోగా మిగిలినవే ఈ గుండ్లు. వాటిని కాపాడాలని 1996 నుంచి ఒక సొసైటీ పని చేస్తోంది. నాకు చేతనైంది వేయడమే, వేస్తున్నా. నేను వేసిన గుండ్లలో రెండు ఇప్పుడు లేవు. ఒకదాని చోట సెల్లార్ గుంత ఉంది.

ఈ షాపుకి రాకముందు మా ఇంటి దగ్గరే ఇంకో చోట కట్టించేదాన్ని. రేటు తక్కువ, రెండు గంటల్లో చేతికిచ్చేవాళ్లు. వాటర్ కలర్ బొమ్మని నేరుగా అద్దానికి ఆనించి, వెనక అట్ట పెట్టి, మేకులు కొట్టేశారు. నాకూ అప్పుడు తెలియదు. ఆగస్టు వచ్చేసరికి కాగితం చెమ్మ పీల్చి ఉబ్బింది, అద్దానికి అతుక్కుంది, మీద గోధుమరంగు మచ్చలు. విప్పబోతే ఆకాశం అద్దానికే ఉండిపోయింది. అలా రెండు పోయాయి. ఆ రెండోది, నిజం చెప్తున్నా, అప్పటికి నేను వేసిన వాటిలో కాస్త బాగా కుదిరింది.

మూడోదాన్ని పట్టుకుని కాకా దగ్గరికి వెళ్లాను. ఆయన బొమ్మ చూడలేదు. తిరగేసి వెనక చూశాడు, కాగితం మూల రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశాడు. “మంచి కాయితమే. నీళ్ల రంగా? అయితే మౌంట్ లేకుంట కట్ట” అన్నాడు. ఇది కావాలా అది కావాలా అని అడగడం ఆయన పద్ధతి కాదు. కొన్ని చేస్తాడు, కొన్ని చేయడు, అంతే. మౌంట్ అంటే బొమ్మ చుట్టూ కిటికీలా కోసి పెట్టే మందపాటి అట్ట. అందం కోసమేననుకున్నా ఇన్నాళ్లూ. అసలు పని బొమ్మకీ అద్దానికీ మధ్య సందు ఉంచడం. లోపలి అంచుని ఏటవాలుగా కోస్తాడు, దాంతో అట్ట లోపలి తెల్లదనం సన్నటి గీతలా బొమ్మ చుట్టూ కనిపిస్తుంది. ఆసిడ్ లేని అట్ట అడిగి తీసుకోండి. మామూలుది అయితే కొన్నేళ్లకి ఆ తెల్లగీతే పసుపెక్కి, బొమ్మ అంచుల్నీ పసుపు చేస్తుంది. రెండూ ఆయన దగ్గర ఉంటాయి, అడక్కపోతే మామూలుదే వేస్తాడు. ఇది ఫిర్యాదుగానే రాస్తున్నా.

ఆయన అద్దం కోయడం మాత్రం చూసి తీరాలి. కట్టర్ మొనని చిన్న సీసాలో కిరోసిన్‌లో ముంచుతాడు. స్కేలు పెట్టి పై నుంచి కిందకి ఒకే గీత. మధ్యలో ఆగడు, రెండోసారి గీయడు. సర్రుమని సన్నటి చప్పుడు. ఆ చప్పుడు ఎక్కడైనా తెగితే అద్దం అక్కడే వంకర పోతుందట. తర్వాత గీత కింద నుంచి రెండు సార్లు తట్టి, బల్ల అంచు మీద పెట్టి వంచుతాడు, అప్పడం విరిచినట్టు విరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నా బ్రష్ గుర్తొచ్చి సిగ్గేసింది. నేను బండ అంచు గీసేటప్పుడు నాలుగు సార్లు సవరిస్తా. తడి రంగు మీద మళ్లీ బ్రష్ పెడితే బురద తప్ప ఏమీ రాదని స్కూల్లో పిల్లలకి చెప్పేది నేనే.

ఇక రేటు. మొన్న కట్టించింది 22 అంగుళాల వెడల్పు, 15 ఎత్తు. మౌంట్ మూడు వైపులా 3 అంగుళాలు, కింద మాత్రం మూడున్నర. కింద కాస్త ఎక్కువ ఉంచకపోతే గోడ మీద బొమ్మ కిందకి జారినట్టు కనిపిస్తుందని ఆయనే చెప్పాడు. ఫ్రేమ్ పట్టీ ఫుట్టు లెక్కన అమ్ముతారు. మూలలు ఏటవాలుగా కోసేటప్పుడు పోయే ముక్కతో కలిపి 9 ఫుట్లు, ఫుట్టుకి 110. అద్దం, మౌంట్, వెనక బోర్డు, కూలీ కలిపి ఇంకో 860. మొత్తం 1,850, ఇచ్చింది 1,800. ఫైబర్ పట్టీ అయితే ఇంకా తక్కువ పడుతుంది. టేకు అయితే రెట్టింపుకి పైనే. నా రాళ్లకి సన్నటి నల్ల పట్టీ తప్ప ఏదీ నప్పదని ఏడెనిమిది సార్లు డబ్బు తగలేశాక తెలిసింది. బంగారు పూలతీగల పట్టీలో గ్రానైట్ బండ పెట్టి చూశాను ఒకసారి. పెళ్లికొడుక్కి పెట్టిన బాసికంలా ఉంది.

మొదటి బొమ్మ కట్టేటప్పుడు ఒకటి జరిగింది, ఈ షాపుని నేను వదలకపోవడానికి అసలు కారణం అదే. అంతా సిద్ధం చేసి, అద్దం లోపలివైపు గుడ్డతో తుడిచి, బిగించబోతూ ఆగాడు.

“సంతకమేది బిడ్డా?”

లేదన్నాను. నేను అప్పటికి ఏ బొమ్మ మీదా సంతకం పెట్టలేదు. ఆర్డర్ బొమ్మల మీద పెట్టొద్దంటారు కొందరు, గోడ జిరాఫీ మీద ఎవరు పెడతారు, సొంతవాటి మీదేమో అంత గొప్పవా అని సందేహం. ఇదంతా ఆయనకి చెప్పలేను కదా. “తర్వాత పెడతాలే కాకా” అన్నా.

“తర్వాత ఎట్ల పెడ్తవ్, అద్దం మీదనా? బిగించినంక మల్ల తెరుసుడంటే రెండొందలు. ఇప్పుడే పెట్టు” అని చెవి మీదున్న పెన్సిల్ తీసిచ్చాడు.

నా కళ గురించి ఆయనకేం పట్టింపు లేదు. ఇంతకుముందు ఎవరో అలా మర్చిపోయి మళ్లీ తెచ్చారట, ఆ విసుగు. పెట్టాను. కుడివైపు కింద, చిన్నగా, వంకరగా. ఆ బొమ్మ ఇప్పుడు మా హాల్లోనే ఉంది. ఆ సంతకం చూస్తే స్లిప్పులు చూసి రాసిన పిల్ల అటెండెన్స్‌లో చేసిన సంతకంలా ఉంటుంది. ఇప్పుడు ఇంటి దగ్గరే బ్రష్‌తో, బండ నీడ రంగుతోనే పెట్టుకుని వెళ్తున్నా. రెండొందలు మిగుల్తున్నాయి.

ఇంకో పాఠం రంగుల గురించి. సాయంత్రం ఎండలో మన గ్రానైట్ గులాబీ తిరుగుతుంది, చూసే ఉంటారు. ఆ గులాబీ కోసం ఎలిజరిన్ క్రిమ్సన్ అనే ఎరుపు వాడేదాన్ని. కిటికీ ఎదురుగా పెట్టిన బొమ్మ ఏడాది తిరిగేసరికి బూడిద రంగుకొచ్చింది. ఫ్రేమ్ మార్పిద్దామని తీసుకెళ్తే కాకా ఒక్క చూపు చూసి, “ఎండకు పెట్టినవా? ఎరుపు ముందు పోతది. పాత దేవుని పటాలు చూడు, ఎండల పెడితే అందరు దేవుళ్లు కృష్ణుళ్లే అయితరు” అన్నాడు. నవ్వొచ్చింది కానీ నిజం. అచ్చు బొమ్మల్లో ఎరుపు, పసుపు వెలిసిపోయి నీలం మిగులుతుంది. ఎలిజరిన్‌కి ఎండ పడదని ఇంటికొచ్చి చదివాను. ఇప్పుడు ఆ చోట క్వినాక్రిడోన్ రోజ్ వాడుతున్నా, ట్యూబ్ ధర చూసి గుండె రాయి చేసుకుని. మిగతా బండంతా అల్ట్రామెరైన్ నీలం, బర్ంట్ సియెనా గోధుమరంగు కలిపితే వచ్చే బూడిదే. అల్ట్రామెరైన్ రేణువులు కాగితం గుంటల్లో దిగి గింజ గింజగా ఆరుతుంది, ఆ గరుకు నేను వేసింది కాదు, అదే వస్తుంది. రాళ్లు వేసేవాళ్లెవరైనా ఉంటే ఈ రెండు ట్యూబులు చాలు.

సైజు మారడం కూడా ఈ షాపు పుణ్యమే. మొదట్లో అన్నీ ఏ4 అంతే. చిన్న బొమ్మకీ పెద్ద బొమ్మకీ కోత పని ఒకటే అని కాకాకి చిరాకు. “ఎప్పుడూ గింతేనా? ఆ గుట్ట ఏమన్న డబ్బాల వట్టేదా?” అన్నాడోసారి. నాలుగు నెలలు ఆ మాట బుర్రలో తిరిగింది. చివరికి 300 జీఎస్ఎం మందం కాటన్ కాగితం, 22 × 30 అంగుళాల ఫుల్ షీట్లు మూడు కొన్నాను. మొదటి షీట్ ముందు కూర్చుంటే చేయి రాలేదు. మౌలాలి గుట్ట, పొద్దున్నే ఏడింటికి, పైన దర్గా తెల్లగా. పెద్ద బ్రష్ ఉంటేనే కుదురుతుందని తెలియక చిన్న బ్రష్‌తో గీకి గీకి మొదటిది తగలేశా. రెండోది ఫర్వాలేదు. మూడోది చూసి కాకా కొడుకు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఆయన మాత్రం కొలత రాసుకున్నాడు.

కిందటేడాది మాదాపూర్‌లో ఒక గ్రూప్ షోలో నావి ఆరు పెట్టారు. రేటు చెప్పడం నాకు మొదట్నుంచీ గండమే. “ఎంతండీ?” అంటే గొంతులో ఏదో అడ్డం పడుతుంది, అడక్కముందే తగ్గిస్తా. షో ముందు వారం ఈ షాపులో కూర్చున్న మూడు గంటలు బాగా పనికొచ్చాయి. కాకా “రెండువేల నాలుగొందలు” అనేసి పని చూసుకుంటాడు. అవతలివాళ్లు అబ్బో అంటారు, ఫోన్ తీస్తారు, భార్యని అడుగుతారు. ఆయన తల ఎత్తడు. చాలామంది ఒప్పుకుంటారు, కొందరు పోతారు. నేనూ షోలో అలాగే రేటు చెప్పి, నోరు మూసుకుని, గోడకేసి చూస్తూ నిలబడ్డా. రెండు అమ్ముడయ్యాయి. ఒకావిడ మాత్రం “ఫ్రేమ్ చాలా బాగుంది, ఎక్కడ కట్టించారు?” అని అడిగి వెళ్లిపోయింది. అడ్రస్ చెప్పాను.

ఇప్పుడు తిట్లు. ఈ షాపులో ‘రేపు’ అంటే మూడు రోజులు. ‘ఎల్లుండి’ అంటే వారం. కారణం మాత్రం కాదనలేం: పోయినవాళ్ల ఫొటోలు. రోజుకి ఒకరిద్దరైనా వస్తారు, కళ్లు వాచిపోయి, ఫోన్‌లో ఏ పెళ్లిలోనో తీసిన ఫొటో చూపించి, దినాలకు కావాలంటూ. “నీ బొమ్మ ఆగుతది, వాళ్లకు పదకొండో రోజు ఆగదు బిడ్డా” అంటాడు. దానికి ఏం జవాబు చెప్తాం. కానీ షో ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి నాలుగు బొమ్మలే చేతికిచ్చి, మిగతా రెండూ పొద్దున కొడుకుతో ఆటోలో పంపినప్పుడు పడ్డ టెన్షన్ నాకే తెలుసు. అందులో ఒకదాని అద్దం లోపలివైపు వేలిముద్ర ఉంది. ఇప్పటికీ ఉంది. మూడు గంటలకి ఎండ పడితే ఖాజాగూడ బండ మీద కనిపిస్తుంది. వినాయక చవితి నుంచి దసరా దాకా అసలు వెళ్లొద్దు, అడుగు పెట్టే చోటుండదు.

పెద్ద ఆయిల్ కాన్వాసులు ఇక్కడికి తేవద్దు, వాటికి కట్టే ఫ్లోటింగ్ ఫ్రేమ్ (కాన్వాస్ చుట్టూ కాస్త ఖాళీ వదిలేది) కొడుకు నేర్చుకుంటున్నాడు, ఇంకా పట్టీ మూలల్లో సందు వస్తోంది. వాటర్ కలర్, పెన్సిల్, ప్రింట్లు, పాత ఫొటోలు అయితే కళ్లు మూసుకుని ఇవ్వచ్చు. కొలతలు అంగుళాల్లో చెప్పండి, సెంటీమీటర్లంటే ఆయన మొహం చూడలేం. ఫోన్‌పే ఉంది. బండి లైబ్రరీ వైపు పెట్టుకుని నడిచి రండి. ఆదివారం మూత.

ఈ నెల మొదట్లో ఇచ్చిన ఫుల్ షీట్ ఇంకా అక్కడే ఉంది. నిన్న ఫోన్ చేస్తే ‘రేపు’ అన్నాడు.