తిరిగే బయోరియాక్టర్: కార్టిలేజ్‌కి సరే, ఎముకకు వద్దు

మా ల్యాబ్‌లో కొన్నేళ్లుగా వాడుతున్నది తిరిగే పాత్ర రకం బయోరియాక్టర్, అంటే శరీరం బయట కణజాలం పెంచే పరికరం. 1980లలో హ్యూస్టన్‌లోని నాసా జాన్సన్ స్పేస్ సెంటర్‌లో పుట్టిన డిజైన్ ఇది. మాది ఏ కంపెనీదో చెప్పను.

చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. అరచేతిలో పట్టే గుండ్రటి ప్లాస్టిక్ పాత్ర, వెనక సిలికోన్ పొర. ఆక్సిజన్ ఆ పొరలోంచే మీడియంలోకి (కణాలకు పోషకాలిచ్చే ద్రవం) వెళ్తుంది. పాత్ర నిండా మీడియం నింపి, కణాలు ఎక్కించిన స్కాఫోల్డ్ (కణాలు పట్టుకుని పెరిగే రంధ్రాల చట్రం) వేసి, బండి చక్రంలా నిలువుగా తిప్పితే ఆ చట్రం అడుక్కి దిగకుండా తేలుతూనే ఉంటుంది. మీడియంను కలియబెడుతూ ఉండే స్పిన్నర్ ఫ్లాస్క్‌లో కణాలకు తగిలే ఒరిపిడి ఇందులో చాలా తక్కువ.

అసలు తలనొప్పి బుడగలు. ఒక్కటి మిగిలినా ప్రవాహం చెదిరి ఆ ఒరిపిడి మళ్లీ మొదలవుతుంది. పాత్రను ఏటవాలుగా పట్టుకుని, వేలితో తట్టి బుడగను పోర్టు (సిరంజి తగిలించే రంధ్రం) దగ్గరికి తేవాలి. ఒక సిరంజితో మీడియం మెల్లగా నెడుతూ రెండో సిరంజిలోకి దాన్ని లాగేయాలి. చల్లటి మీడియం పోస్తే 37 డిగ్రీలకు వేడెక్కేటప్పుడు కొత్త బుడగలు పుడతాయి, అందుకే ముందే వెచ్చబెట్టుకోండి.

స్పీడు కూడా ఒకసారి పెట్టి వదిలేసేది కాదు. కణజాలం బరువెక్కేకొద్దీ ఆర్‌పీఎం పెంచుతూ పోవాలి. శని, ఆదివారాలు ఎవరూ చూడకపోతే సోమవారానికి ముక్క గోడకు కొట్టుకుంటూ కనిపిస్తుంది. మా మోటారు కనెక్టర్ తుప్పు పడితే, అమ్మినవాళ్లు తేమ వల్లేనని వారంటీ ఇవ్వలేదు. వెచ్చగా, తేమగా ఉండే ఇంక్యుబేటర్లో పెట్టడానికే చేసిన యంత్రం మరి!

ఫలితం మాత్రం బాగుంది. చిన్న కార్టిలేజ్ (కీళ్లలో ఉండే మృదులాస్థి) బిళ్లలు తెల్లగా, నిగనిగలాడుతూ వస్తాయి, కానీ నొక్కితే మెత్తన. మోకాలి కార్టిలేజ్‌కి బరువు పడితేనే గట్టితనం వస్తుంది, ఇక్కడ ఆ నొక్కుడు లేదు. 1996-97లో మీర్ అంతరిక్ష కేంద్రంలో పెంచిన కార్టిలేజ్ కూడా భూమ్మీద పెంచినదానికన్నా బలహీనంగానే వచ్చింది. మేం ఇప్పుడు చివరి దశలో ముక్కల్ని వాటిని నొక్కే కంప్రెషన్ రిగ్‌లోకి మారుస్తున్నాం.

ఎముక కోసమైతే దీన్ని కొనకండి. ల్యాబ్‌లో పెంచే ఎముక కణజాలంలో రక్తనాళాలు ఉండవు కాబట్టి ఆక్సిజన్ 100-200 మైక్రాన్ల (0.1-0.2 మిల్లీమీటర్ల) లోతు దాటి సరిగా చేరదు. మందపాటి స్కాఫోల్డ్ పైపైన కణాలు పెరిగి, కోసి చూస్తే లోపల ఖాళీగా ఉంటుంది. మీడియంను స్కాఫోల్డ్ రంధ్రాల్లోంచే పంపు చేసే పెర్ఫ్యూజన్ రకం తీసుకోండి. గొట్టాలెక్కువ, కంటామినేషన్ టెన్షనూ ఎక్కువే, అయినా లోపలి కణాలు బతుకుతాయి.