తెరిచిన సరిహద్దు, కంచె సరిహద్దు: నేపాల్, బంగ్లాదేశ్‌లతో మన దారులు

నేపాల్‌తో 1950 ఒప్పందం నాటి నుంచీ మనకు వీసా గొడవ లేదు. బిహార్‌ సరిహద్దు ఊరు రక్సౌల్‌లో జనం రిక్షా ఎక్కి నేపాల్‌లోని బీర్‌గంజ్ వెళ్లొస్తారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కనిపించే నేపాలీ కుర్రాడికి వర్క్ పర్మిట్ అక్కర్లేదు. సముద్రం లేని ఆ దేశానికి కోల్‌కతాతో పాటు మన విశాఖ రేవు కూడా దారి ఇస్తోంది. కంటైనర్లు రైల్లో బీర్‌గంజ్ దాకా వెళ్తాయి.

బంగ్లాదేశ్‌తో లెక్క వేరు. 4,096 కిలోమీటర్ల సరిహద్దు, చాలాచోట్ల కంచె. అటూ ఇటూ ఒకే భాష మాట్లాడే బంధువులున్నా వీసా తప్పదు. పశ్చిమ బెంగాల్‌లోని పెట్రాపోల్ సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరుతాయి. అయితే ఇక్కడా ఒక మంచి ప్రయత్నం జరిగింది. 2011లో మేఘాలయలోని కలాయిచార్‌లో సరిహద్దు సంత పెట్టారు. చుట్టూ ఐదు కిలోమీటర్లలోపు ఊళ్లవాళ్లు కూరగాయలు, లుంగీలు, చీపురు పుల్లలు సుంకం లేకుండా అమ్ముకునేలా ఏర్పాటు చేశారు. కొనుగోలుకు మాత్రం పరిమితి పెట్టారు.

వలస కూలీ వైపు నుంచి చూస్తే నేపాల్ పద్ధతే మేలని నా గట్టి నమ్మకం. చట్టబద్ధంగా వచ్చినవాణ్ణి దళారీ, పోలీసు బెదిరించడం కష్టం. కానీ గేటు తెరిచి ఉంటే చాలదు. 2015లో సరిహద్దు దగ్గర సరుకు ఆగిపోయి నేపాల్ ఇళ్లలో గ్యాస్ లేక నానా అవస్థ పడ్డారు. బంగ్లాదేశ్ వైపు కంచె ఒక్కరోజులో పోదు కాబట్టి, ముందు సంతల సంఖ్య పెంచాలి, కూలీలకు సీజన్ పర్మిట్లు ఇవ్వాలి.