లింగ్విస్టిక్స్ ఎంఏకి ఉస్మానియానా, హెచ్‌సీయూనా (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ)?

గుంటూరు, బెజవాడల్లో డిగ్రీ అయ్యి భాషాశాస్త్రం చదవాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. ఉస్మానియా డిపార్ట్‌మెంట్ అంటే భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962 నుంచి నడిపించింది, ద్రావిడ భాషల చరిత్ర, మాండలికాలు, ఊళ్లు తిరిగి మాటలు సేకరించడం ఇష్టమైతే అటే వెళ్లండి, రైతుల మాటలతో ఆయన చేసిన మాండలిక వృత్తి పదకోశం ఒక్కసారి తిరగేస్తే మీకే అర్థమవుద్ది ఎంత పనో. (ఆయన 1986 నుంచి 1993 దాకా హెచ్‌సీయూ వీసీ కూడా!) హెచ్‌సీయూలో అప్లైడ్ లింగ్విస్టిక్స్ (భాషాశాస్త్రాన్ని నిజమైన పనుల్లో వాడటం), అనువాదం ఒకే సెంటర్‌లో ఉంటాయి, మెషిన్ ట్రాన్స్‌లేషన్ (కంప్యూటర్‌తో అనువాదం) మీద పని జరిగింది, సెంట్రల్ యూనివర్సిటీ. కంప్యూటర్ వైపు మనసుంటే ఇదే. నాకైతే ఉస్మానియానే ఇష్టం, మన పల్నాడు యాస రికార్డ్ చేసేవాళ్లు కావాలండి. ఏదైనా సరే, చేరేముందు రెండుచోట్లా సెమినార్ నోటీసులు చూసి ఒకదానికెళ్లి వెనకాల కూర్చుని వినండి.